ఈ పట్టాలు ఎవరివి: పెన్సిల్వేనియా, న్యూయార్క్ చిన్న రైల్వేల వెంట ఆరు రోజులు

మా తాతగారు నౌపడలో గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచిన చిన్న రైలును 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించారు. తర్వాత అది గుణుపురం దాకా సాగింది, బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికీ ఆపైన ప్రభుత్వం చేతికీ వచ్చింది, 2004లో నారోగేజి బండి ఆగిపోయి బ్రాడ్‌గేజి పనులు మొదలయ్యాయి. ఇన్ని చేతులు మారినా తాతగారి నోట అది చివరిదాకా రాజుగారి రైలే. ఎక్కడ కొత్త లైను పడిందని విన్నా ఆయన అడిగే మొదటి మాట "ఆ పట్టాలు ఎవులివి?" అన్నదే.

నాన్నగారు స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేశారు. ఈ ఏడాది న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, అమెరికాలో షార్ట్‌లైన్లు అని పిలిచే చిన్న రైల్వేలు ఆరు వందల దాకా ఉన్నాయనీ, అవన్నీ కలిపి దాదాపు 50,000 మైళ్ల లైను నడుపుతున్నాయనీ నేను చెప్పగానే తాతగారి ప్రశ్నే ఆయనా వేశారు. నేను చెప్పబోతే ఆపి, "నువ్వు చదివి చెప్తే నాకేం తెలుస్తుందిరా, చూసి వద్దాం పద" అన్నారు. అక్టోబరులో ఆకులు రంగు మారే వారం చూసుకుని కారులో బయలుదేరాం. దారిలో రాసుకోవడానికి ఆయన ఒక పాత డైరీ తీసుకుని ప్రతి పేజీలోనూ ఊరు, గేజి, పట్టా బరువు, యజమాని అని నాలుగు గళ్లు గీసుకున్నారు. సుమారు 800 మైళ్లు తిరిగి ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. ఆ డైరీని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మొదటి రోజు, శుక్రవారం: స్ట్రాస్‌బర్గ్

లాంకాస్టర్ కౌంటీలోకి దిగాక రోడ్డు స్వభావమే మారుతుంది. పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ శాఖ వారైన ఆమిష్ రైతుల గుర్రపు బగ్గీలు రోడ్డు అంచున నడుస్తుంటాయి, వాటి వెనక వచ్చే కార్లు హారను కొట్టకుండా, ఎదురు దారి ఖాళీ అయ్యేదాకా ఓపికగా ఆగుతాయి. పొలాల్లో కంచర గాడిదలను కట్టి మొక్కజొన్న కోస్తున్నారు. ఒక ఇంటి ముందు బల్ల మీద పైలు, ఊరగాయ సీసాలు పెట్టి అమ్ముతుంటే ఆగాం. టోపీ కట్టుకున్న పదేళ్ల పాప డబ్బు తీసుకుని చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. ఫోటో తీయబోయి ఆగిపోయాను, తమ ముఖాలను ఫోటో తీయడం ఆమిష్ వారికి ఇష్టముండదు. మేం కొన్న షూఫ్లై పై ముక్క నాలుగు డాలర్లు. అడుగున చెరకు మడ్డి పాకం, పైన పిండీ వెన్నా కలిపిన పొడి. నాన్నగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పాకం ముదిరిన అరిసెలా ఉందని మిగతాది శ్రద్ధగా కాగితంలో చుట్టి దాచుకున్నారు.

స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ నిడివి నాలుగున్నర మైళ్లు, అంటే ఏడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఫిలడెల్ఫియా నుంచి పశ్చిమానికి వేస్తున్న మెయిన్ లైను తమ ఊరిని తప్పించి పోతుంటే, వ్యాపారం చేజారుతుందని భయపడిన స్థానికులు ఆ లైనుకు తమ ఊరిని కలిపే ముక్క కోసం పూనుకున్నారు. దానికి 1832లో పెన్సిల్వేనియా శాసనసభ ఇచ్చిన చార్టర్, అంటే రైల్వే పెట్టుకునే అనుమతి పత్రం మీదే ఈ రైల్వే ఇప్పటికీ నడుస్తోంది. చార్టర్ మారకుండా, ఆగకుండా ఇంతకాలం నడిచిన రైల్వే పశ్చిమార్ధగోళంలో మరొకటి లేదు. ఆవిరి ఇంజను లాగే పెట్టెల్లో కూర్చుని పొలాల మధ్య నుంచి వెళ్తే పారడైజ్ దగ్గర లీమన్ ప్లేస్ వస్తుంది. చిన్న లైను అక్కడ మెయిన్ లైనును తాకి ఆగిపోతుంది. మా ఇంజను పెట్టెల నుంచి విడిపడి పక్క లైను మీదుగా అవతలి కొసకు వెళ్తుండగా, అమెరికా జాతీయ ప్రయాణికుల రైల్వే ఆమ్‌ట్రాక్ ఎలక్ట్రిక్ బండి మా పక్క నుంచే ఒక్క ఊపున దూసుకుపోయింది. నాన్నగారు అలవాటు కొద్దీ లేచి నిలబడి, ఆ బండి చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసి, ఆ తర్వాతే కూర్చున్నారు.

1950ల నాటికి ఈ రైల్వే దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. సరకంతా లారీల పాలైంది, పట్టాల మీద గడ్డి మొలిచింది. 1958లో లాంకాస్టర్‌కు చెందిన హెన్రీ కె. లాంగ్ ముందు నిలబడగా, రైళ్లంటే ప్రాణం పెట్టే ఇరవై మందికి పైగా మనుషులు తలా కొంత వేసుకుని 18,000 డాలర్లకు మొత్తం రైల్వేను కొన్నారు. మరుసటి ఏడాదే యాత్రికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. వారు సరకు రవాణాను కూడా వదిలిపెట్టకపోవడం నన్ను ఆకట్టుకుంది. షెడ్డులో ఇతర రైల్వేల, మ్యూజియంల పాత ఇంజన్లకు మరమ్మతులు చేసిపెట్టే పని కూడా సాగుతోంది. బాయిలరు రేకును చేత్తో తట్టి శబ్దాన్ని బట్టి లోపం చెప్పగల పనివారు ప్రపంచంలో తగ్గిపోతున్న రోజుల్లో, ఏడు కిలోమీటర్ల రైల్వే ఒకటి ఆ విద్యకు బడిగా మిగలడం చిన్న సంగతి కాదు.

ఆ రాత్రి నాన్నగారు యజమాని గడిలో "ఇష్టపడి కొన్న వాళ్లు" అని రాసుకున్నారు.

రెండో రోజు, శనివారం: రాక్‌హిల్ ఫర్నెస్

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద ఫోర్ట్ లిటిల్టన్ దగ్గర దిగి 522 రోడ్డు మీద ఉత్తరానికి తిరగాలి. మాటల్లో పడి నేను దక్షిణానికి తిప్పాను. మెక్‌కానెల్స్‌బర్గ్ బోర్డు కనిపించాక గానీ పొరపాటు తెలియలేదు. ఆ తప్పు దారిలోనే ఒక రైతు ఆపిల్ బుట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. అర బుట్ట తొమ్మిది డాలర్లు. మేం ఈస్ట్ బ్రాడ్ టాప్ రైల్వే చూడటానికి వెళ్తున్నామని చెప్పగానే ఆయన లేచి నిలబడి, తన మేనమామ ఆ బొగ్గు గనుల్లో పనిచేసేవాడని చెప్పి, మరో నాలుగు ఆపిళ్లు సంచిలో వేశాడు. అక్కడి వాళ్లకు ఆ రైల్వే పేరు చెబితే చాలు, మీరు చుట్టాలైపోతారు.

1856లో చార్టర్ పొంది, 1870లలో కట్టిన ఈ మూడడుగుల గేజి లైను, రాబర్ట్స్‌డేల్ దగ్గరి గనుల నుంచి మౌంట్ యూనియన్ దాకా 33 మైళ్లు బొగ్గు మోసింది. మౌంట్ యూనియన్‌లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మెయిన్ లైను ఉంది, కొలిమి ఇటుకల కర్మాగారాలు ఉన్నాయి. గేజి వేరైనందువల్ల అక్కడ పెద్ద క్రేనుతో స్టాండర్డ్ గేజి (నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల) వ్యాగన్‌ను ఒక్కో కొసనా పైకెత్తి, చక్రాల బళ్లు మార్చి, నారోగేజి మీదికి దింపేవారట. నౌపడలో మనుషులు బస్తాలు వీపుల మీద వేసుకుని ఒక బండి నుంచి ఇంకో బండికి మోసేవారని నాన్నగారు అక్కడి గైడుకు ఇంగ్లీషులో చెబుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. ఆ సంగతి నాకూ అంతవరకు తెలియదు.

గేటు దగ్గర బండి లేని సమయంలో గైడు అనుమతి తీసుకుని, నాన్నగారు మోకాళ్ల మీద కూర్చుని పట్టా నుంచి పట్టాకు జానలతో కొలిచారు. సరిగ్గా నాలుగు జానలు వచ్చింది. "మనది మూడు జానల బెత్తెడురా" అన్నారు. తాతగారు చిన్నప్పుడు ఆయన చేయి పట్టుకుని నేర్పిన కొలత అది. రెండున్నర అడుగులకు అంతకన్నా కచ్చితమైన లెక్క ఇంకొకటి నాకు తెలియదు.

గనులు గిట్టుబాటు కాక 1956 ఏప్రిల్‌లో లైను మూతపడింది. దాన్ని కొన్న నిక్ కొవాల్చిక్ పాత ఇనుము వ్యాపారి. పట్టాలు పీకి, ఇంజన్లు కోసి అమ్ముకోవడమే ఆయన వృత్తి, ఈ లైనుకూ అదే గతి అని అందరూ అనుకున్నారు. ఆయన కోయలేదు. బాల్డ్విన్ కంపెనీ తయారుచేసిన ఆరు ఇంజన్లు, షెడ్డు, మరమ్మతుల కార్ఖానా అలాగే ఉంచి, 1960లో ఊరి ద్విశతాబ్ది ఉత్సవాల కోసం మళ్లీ బండి నడిపించారు. ఆ తర్వాత ఆయన కుమారుడి హయాంలోనూ నడిచి, 2011 తర్వాత మళ్లీ ఆగింది. 2020లో రైల్వే రంగంలో పేరున్న కొందరు కలిసి ఏర్పాటు చేసిన లాభాపేక్ష లేని ఫౌండేషన్ దాన్ని కొన్నది. 2023లో 16వ నంబరు ఇంజను మళ్లీ ఆవిరి పోసుకుంది.

కార్ఖానా లోపలికి వెళ్లినప్పుడు నేను మాట్లాడలేకపోయాను. కప్పు కింద పొడవునా ఇనుప కడ్డీ, దాని మీద వరసగా కప్పీలు, ప్రతి కప్పీ నుంచి ఒక తోలు బెల్టు కిందనున్న యంత్రానికి దిగుతుంది. ఒకే ఆవిరి యంత్రంతో పై కడ్డీ తిరిగితే కింద లేతులు, డ్రిల్లులు అన్నీ తిరిగేవి. కిటికీ అద్దాల మీద మసి వల్ల వెలుతురు గోధుమ రంగులో పడుతోంది. ఒక బల్ల మీద చెక్క అచ్చులు, వాటి మీద పెన్సిలుతో రాసిన నంబర్లు, 1956లో పని ముగించి వెళ్లిన మనిషి రేపు మళ్లీ వస్తాడన్నట్టు ఉన్నాయి. పాత ఇనుము వ్యాపారి ఒకడు ఇంత ఇనుమును తూకానికి వేయకుండా అరవై ఏళ్లకు పైగా కుటుంబం చేతిలో నిలబెట్టాడంటే, ఆ మనసు గురించి నేను ఈ ప్రయాణమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. రైల్వేల చరిత్రలో వేసిన వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి, పీకకుండా ఊరుకున్న వాళ్ల పేర్లు అంతగా ఉండవు.

నాన్నగారికి శనివారం నియమం. మధ్యాహ్నం ఊరి అగ్నిమాపక దళం వాళ్లు వేసిన గుడారంలో పెద్ద పెనం మీద పీరోగీలు వేయిస్తుంటే, లోపల మాంసం లేదని రెండు సార్లు అడిగి తెలుసుకుని కొన్నాం. కజ్జికాయలా మడిచిన పిండి, లోపల బంగాళాదుంప ముద్దా చీజూ, పైన వెన్నలో వేగిన ఉల్లిపాయలు. ఆరింటికి ఏడు డాలర్లు, ఆ డబ్బు దళానికే వెళ్తుంది. వడ్డించినామె నాన్నగారి నుదుటి బొట్టు చూసి, ఇవాళ మీకేమైనా పండగా అని అడిగింది. శనివారం మా దేవుడి రోజు అని చెబితే, తల పంకించి ఇంకో గరిటె ఉల్లిపాయలు వేసింది.

మూడో రోజు, ఆదివారం: బెల్‌ఫాంట్

రాత్రి బస చేసిన మోటలులో హీటరు పనిచేయలేదు. 95 డాలర్లు ఇచ్చి ఇద్దరం స్వెట్టర్లతో పడుకున్నాం. పొద్దున్నే బెల్‌ఫాంట్ చేరి, టాలీరాండ్ పార్కులో స్ప్రింగ్ క్రీక్ ఒడ్డున కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఆఖరి డబ్బా తిన్నాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున ట్రౌట్ చేపలు ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. పక్కనే పాత స్టేషను, దాని ముందు నుంచే నిట్టనీ అండ్ బాల్డ్ ఈగిల్ రైల్‌రోడ్ పట్టాలు.

ఇక్కడ పట్టాల సొంతదారులు కౌంటీలు. ఆ సంగతి అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1970 జూన్‌లో పెన్ సెంట్రల్ అనే మహా రైల్వే దివాలా తీసింది. దాని చుట్టుపక్కల మరికొన్ని రైల్వేలు కూడా కుప్పకూలాయి. వాటన్నిటినీ కలిపి ఫెడరల్ ప్రభుత్వం 1976 ఏప్రిల్ 1న కాన్‌రైల్‌ను నిలబెట్టింది. కానీ పది వ్యాగన్లకు మించి రాని బ్రాంచి లైన్లు కాన్‌రైల్‌కు మోయలేని బరువయ్యాయి. 1980 అక్టోబరు 14న వచ్చిన స్టాగర్స్ చట్టం సరకు ఛార్జీల మీద రైల్వేలకు స్వేచ్ఛ ఇచ్చింది, ఆ మరుసటి ఏడాది చట్టం కాన్‌రైల్ లైన్ల మూసివేతను సులభం చేసింది. పట్టాలు పోతే వాటినే నమ్ముకున్న కర్మాగారాలూ పోతాయని మధ్య పెన్సిల్వేనియా కౌంటీలు కంగారుపడ్డాయి. 1983లో అవి సెడా-కాగ్ జాయింట్ రైల్ అథారిటీ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకుని, మరుసటి ఏడాది నుంచి కాన్‌రైల్ లైన్లు కొన్నాయి. పట్టాలు, కింద నేల కౌంటీల ఉమ్మడి ఆస్తి. బండి నడిపేది మాత్రం ఒప్పందం మీద ఒక ప్రైవేటు సంస్థ.

చెరువు ఊరిదీ, చేపల పాట ఒకడిదీ అన్నట్టుగా ఉందని నేనంటే, నాన్నగారు ఒప్పుకోలేదు. "చేపల పాటలో పాడుకున్నవాడు చేపలు పట్టుకుపోతాడు. ఇక్కడ వ్యాగన్లు తెచ్చిపెట్టకపోతే పాటే పోతుంది" అన్నారు. ఆయన అన్నదే సరి.

ఆదివారం కాబట్టి బండి రాలేదు. గంటన్నర కూర్చున్నాక ఉత్తరానికి బయలుదేరాం. మధ్యాహ్నమంతా కొండల మధ్య ప్రయాణమే, ఎరుపు, పసుపు ఆకుల అడవి తప్ప చెప్పుకోదగ్గది లేదు.

నాలుగో రోజు, సోమవారం: ఆర్కేడ్

న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ భాగంలో పాడి పశువుల వయోమింగ్ కౌంటీలో ఉంది ఈ ఊరు. పొద్దున ఊరి మధ్య చిన్న హోటల్లో కూర్చుని పాన్‌కేకులు తిన్నాం. మేపుల్ పాకం ఆ చుట్టుపక్కల చెట్లదే. ఇద్దరికీ కాఫీతో కలిపి 23 డాలర్లు, టిప్పు వేరు. పక్క బల్ల దగ్గరి ఇద్దరు ముసలి రైతులు టోపీలు తీసి బల్ల మీద పెట్టుకుని తింటున్నారు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ వాళ్లిద్దరినీ పేరు పెట్టి పలకరించి వెళ్తున్నాడు.

1917లో ఆర్కేడ్, ఆటికా ఊళ్ల మధ్య నడిచే రైల్వే చేతులెత్తేసింది. పాలు, పశువుల దాణా, కట్టె అన్నీ ఆ లైను మీదే కదిలేవి. అప్పుడు లైను పొడవునా ఉన్న రైతులు, దుకాణదారులు షేర్లు కొని డబ్బు పోగుచేసి, ఆర్కేడ్ అండ్ ఆటికా రైల్‌రోడ్ పేరుతో దాన్ని తామే తీసుకున్నారు. వరదకు ఉత్తరపు ముక్క కొట్టుకుపోయాక 1957లో ఆటికా వైపు వదిలేశారు. పేరులో ఆటికా ఉన్నా బండి ఇప్పుడు అక్కడిదాకా పోదు. ప్రయాణికుల బండి 1951లో ఆగింది, 1962 నుంచి ఆవిరి ఇంజనుతో విహార యాత్రలు మొదలయ్యాయి. సరకు రవాణా నేటికీ ఉంది.

మాకు వడ్డించినామె అరవై దాటిన మనిషి. నాన్నగారు ఆ రైల్వే ఎవరిదని అడిగితే, ఆమె కాఫీ కూజా బల్ల మీద పెట్టి, "మాది" అన్నది. వాళ్ల తాత కొన్న షేరు కాగితం ఇంట్లో గోడకు కట్టి ఉందట. ఎప్పుడైనా డబ్బు వచ్చిందా అని నేను అడిగాను. ఆ ప్రశ్న ఆమెకు కాస్త వింతగా తోచింది. "దాణా మిల్లు ఇంకా ఉంది కదా" అని జవాబిచ్చింది. సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో మన చెరకు రైతులు షేర్లు కొన్నప్పుడు కూడా ఇలాగే లాభం కోసం కాకుండా, తమ పంట తూకం దగ్గరలోనే పడాలని కొన్నారని నాన్నగారు నాతో తెలుగులో అన్నారు. అది ఆమెకు ఇంగ్లీషులో చెప్పమన్నారు, చెప్పాను.

బయట సైడింగు దగ్గర ఒక్కటంటే ఒక్క హాపర్ వ్యాగను నిలబడి ఉంది. ఒక్క వ్యాగను కోసం ఇంజను పంపడం నాన్నగారి ఉద్యోగ జీవితంలో ఊహించలేని సంగతి. మన దగ్గర సరకు రవాణా అంటే రేక్ మొత్తం, అంటే ఒక బండికి కట్టిన వ్యాగన్లన్నీ కలిసి కదలాలి. ఇక్కడ పెద్ద రైల్వేలు వంద వ్యాగన్ల బండిని ఊళ్లు దాటించి వదిలితే, అందులోంచి ఈ ఒక్క వ్యాగన్‌ను విడదీసి, దాణా మిల్లు గుమ్మం ముందుకు తెచ్చి నిలబెట్టేది షార్ట్‌లైన్. డ్రైవరు, కండక్టరు ఇద్దరే మనుషులు, కావాలంటే ఆ ఇద్దరే మధ్యాహ్నం స్లీపర్లు కూడా మారుస్తారు. మిల్లు యజమాని ఫోను చేస్తే ఎత్తేది కూడా వాళ్లలో ఒకరే.

అయితే ఒక చిక్కు ఉంది. పట్టా నడుము మీద పోత అక్షరాలు చదివి నాన్నగారు డైరీలో 80 పౌండ్లు అని రాసుకున్నారు. గజానికి 80 పౌండ్లంటే మన లెక్కలో మీటరుకు 40 కిలోలు. మన మెయిన్ లైన్ల మీద ఇప్పుడు 60 కిలోల పట్టా పడుతోంది. అమెరికా పెద్ద రైల్వేల మీద నిండు వ్యాగను బరువు 2,86,000 పౌండ్లు, అంటే దాదాపు 130 టన్నులు, ఇరుసుకు 32 టన్నుల పైమాట. మన దేశంలో 25 టన్నుల ఇరుసు బరువు అంటేనే ప్రత్యేకంగా చెప్పుకుంటాం. వందేళ్ల కిందటి తేలిక పట్టాల మీద ఆ వ్యాగన్లు ఎక్కించాలంటే పట్టాలు, వంతెనలు మార్చాలి, దానికి చిన్న రైల్వేల దగ్గర డబ్బుండదు. ఈ అంకెనే అక్కడి వాళ్లు "టూ ఎయిటీ సిక్స్" అని మన రైతులు వడ్డీ రేటు గురించి మాట్లాడినంత దిగులుగా అంటారు. ఎన్నో చిన్న లైన్ల బతుకు ఆ ఒక్క అంకె దగ్గర తేలిపోతుంది.

అయిదో రోజు, మంగళవారం: రెట్సాఫ్

ఫాస్టర్ అనే ఇంటిపేరును తిరగేసి చదివితే రెట్సాఫ్ వస్తుంది. గని పెట్టిన విలియం ఫాస్టర్ పేరు మీద ఊరికి ఆ పేరు పడింది. ఉప్పు గని ఊరు. నాన్నగారు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసింది దీని కోసమే, ఎందుకంటే నౌపడ కూడా ఉప్పు ఊరే. ఉప్పు మడుల మధ్య పుట్టి పెరిగిన మనిషికి, భూమిలో వెయ్యి అడుగుల లోతు నుంచి ఉప్పు తవ్వి, దాన్ని తినడానికి కాక చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లుతారంటే నమ్మబుద్ధి కాలేదు.

1899లో ఎడ్వర్డ్ ఫుల్లర్ అనే వ్యాపారి, దివాలా తీసిన ఒక చిన్న లైను కొని జెనెసీ అండ్ వయోమింగ్ అని పేరు పెట్టాడు. పద్నాలుగు మైళ్ల లైను, ఒకే ఒక్క సరకు, ఉప్పు. డెబ్బై ఎనభై ఏళ్లు అలాగే సాగింది. 1977లో అదే కుటుంబానికి చెందిన మార్టిమర్ ఫుల్లర్ దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. స్టాగర్స్ చట్టం తర్వాత పెద్ద రైల్వేలు లైన్లు వదిలించుకుంటుంటే, ఒకటొకటిగా కొంటూ పోయాడు. 1994 మార్చిలో రెట్సాఫ్ గని కప్పు కూలి నీళ్లు చొరబడ్డాయి, అమెరికాలోనే అతి పెద్ద ఉప్పు గని మరుసటి ఏడాదికి మునిగి మూతపడింది. తల్లి గని పోయినా రైల్వే పోలేదు, అప్పటికే వేరే ఊళ్ల లైన్లు చేతికి వచ్చి ఉన్నాయి. 1996లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. 2012లో రైల్‌అమెరికా అనే మరో పెద్ద షార్ట్‌లైన్ కూటమిని కొన్నది. వందకు పైగా రైల్వేలు ఒక్క గొడుగు కిందికి వచ్చాక, 2019లో కెనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డ్, సింగపూరు ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీ కలిసి, అప్పులతో కలిపి 8.4 బిలియన్ డాలర్లకు దాన్ని తీసుకున్నాయి.

ఊరి రోడ్డు పట్టాలను దాటే చోట కారు ఆపి ఇదంతా చెప్పాను. నాన్నగారు చాలాసేపు పట్టాల కేసి చూశారు. "అంటే ఈ ఉప్పు లైనులో సింగపూరు వాళ్లకి వాటా ఉందా" అని అడిగారు. అవునన్నాను. "వాళ్లెవరైనా ఎప్పుడైనా ఇక్కడికి వచ్చారా?" దానికి నేను జవాబు చెప్పలేదు.

అలాగని ఈ యాజమాన్యాన్ని నేను తప్పుపట్టలేను. వంతెన కొట్టుకుపోతే వెంటనే కట్టించే డబ్బు, 286 బరువుకు తగిన పట్టాలు వేయించే శక్తి ఆర్కేడ్ రైతుల కన్నా వీళ్లకే ఎక్కువ. నా బెంగ ఇంకొకటి. ఒక గనో మిల్లో మూతపడితే ఆర్కేడ్ వాళ్లు లైనును ఏం చేయాలని నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు, ఇక్కడ ఆ నిర్ణయం ఈ రోడ్డు ఎప్పుడూ చూడని మనుషుల కాగితాల్లో జరుగుతుంది. దీనికి తోడు, పెద్ద రైల్వేలు చాలా లైన్లను చిన్నవాళ్లకు అమ్మేటప్పుడో లీజుకిచ్చేటప్పుడో, సరకు తమతోనే మార్చుకోవాలి, పోటీ రైల్వేకు ఇవ్వకూడదని షరతు పెట్టాయి. పేపర్ బ్యారియర్ అంటారు దాన్ని. నాన్నగారు వినగానే, భూమి కౌలుకిచ్చి పంట మాత్రం నాకే అమ్మాలనే షావుకారు పద్ధతి అన్నారు.

రోడ్డు పక్క గడ్డిలో లారీ నుంచి రాలిన బూడిద రంగు రాతి ఉప్పు గడ్డ ఒకటి, నిమ్మకాయంత ఉంది. నాన్నగారు దాన్ని తీసి, తుడిచి, నాలుక కొసతో తాకి చూశారు. "మనదే కాస్త తియ్యన" అన్నారు. చేతి రుమాల్లో మూటకట్టి జేబులో వేసుకున్నారు.

ఆరో రోజు, బుధవారం: జిమ్ థోర్ప్

లీహై నది లోయలో, రెండు కొండల మధ్య ఇరుకైన వీధులతో ఉన్న ఈ ఊరి అసలు పేరు మాక్ చంక్. ఒలింపిక్ క్రీడాకారుడు జిమ్ థోర్ప్ పేరు 1954లో పెట్టుకున్నారు. 1827లోనే కొండ మీది బొగ్గును నేల వాలు మీద వ్యాగన్లు దొర్లించి నది దాకా దింపిన చోటు ఇది. 1888 నాటి స్టేషను ముందు సందర్శకుల రద్దీ. పార్కింగుకే 15 డాలర్లు అయింది.

ఇక్కడి పట్టాలు రెడింగ్ అండ్ నార్తర్న్‌వి. నేను మొదట ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రీడింగ్ అన్నాను, టికెట్ల కిటికీలో కుర్రాడు నొప్పించకుండా రెడింగ్ అని తిరిగి పలికాడు. ఆండ్రూ ముల్లర్ అనే ఒక్క మనిషి 1983లో 13 మైళ్ల లైనుతో దీన్ని మొదలుపెట్టాడు. 1990లో కాన్‌రైల్ నుంచి వంద మైళ్లకు పైగా కొన్నాడు. ఇవాళ నాలుగు వందల మైళ్లు దాటిన ఈ రైల్వే షేర్ మార్కెట్‌కు పోకుండా ఆయన సొంతంగానే ఉంది. ఆంత్రసైట్ బొగ్గు దీని పాత సరకు, ఆవిరి ఇంజన్లతో విహార రైళ్లు కూడా నడుపుతోంది. మేం చూస్తుండగా సరకు బండి ఒకటి నెమ్మదిగా వచ్చింది. ఇంజను కిటికీలోంచి డ్రైవరు చేయి చాచాడు. నాన్నగారు ముప్పై నాలుగేళ్లు ప్లాట్‌ఫారం మీద నిలబడి చేసినట్టే, కుడి చేయి పైకెత్తి, బండి చివరి వ్యాగను దాటేదాకా దించలేదు.

డైరీలో ఆ పేజీ యజమాని గడి నింపడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. "రాజుగారు" అని రాశారు.

ఎడిసన్ చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. మొత్తం ఖర్చు పెట్రోలుతో, బసలతో కలిపి వెయ్యి డాలర్లకు కొంచెం తక్కువే. మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే, నాన్నగారు ఆ ఉప్పు గడ్డను చెమ్మ తగలకుండా చిన్న స్టీలు డబ్బాలో బియ్యం పోసి అందులో పెడుతున్నారు. మూత మీద అంటించిన కాగితంపై తెలుగులో "రెట్సాఫ్, 14 మైళ్లు" అని రాసి ఉంది. నౌపడకు తీసుకెళ్లే పెట్టెలో, బట్టల మధ్య, దానికి చోటు చూడమన్నారు.